బోరు లోతు అడగకుండా మోటారు అమ్మారు: ఒక కౌన్సెలింగ్ సలహా కేంద్రం గురించి

ఐదు నక్షత్రాలకు రెండు ఇస్తున్నాను. ఒకటి, మా కాగితాలు ఓపికగా సరిచూసిన అమ్మాయికి. రెండోది, జరిగిన దాంట్లో నా తప్పు కూడా ఉంది కాబట్టి మొత్తం వాళ్ళ నెత్తిన రుద్దడం న్యాయం కాదని. ఇంజనీరింగ్ సీటు కోసం ఏ కాలేజీ, ఏ బ్రాంచి ఏ వరసలో పెట్టుకోవాలో డబ్బు తీసుకుని చెప్పే కేంద్రం అది. పేరు రాయను. కూకట్‌పల్లిలో అలాంటివి వీధికి రెండు ఉన్నాయి, ఒకదానికీ ఇంకొకదానికీ పెద్ద తేడా ఉంటుందని కూడా నేను అనుకోవడం లేదు.

నేను జనగామలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను. ఐటిఐ చదివాక హైదరాబాద్‌లో పని నేర్చుకుని మా ఊరు వచ్చేశాను. ఇరవై ఆరేళ్ళుగా రాగి తీగ చుడుతున్నాను. మా అమ్మాయి 2024లో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాసింది. ఎంసెట్‌ను ఎప్‌సెట్ అని మార్చింది ఆ ఏడాదే. మా షాపుకు వచ్చే రైతులు ఇప్పటికీ ఎంసెట్ అనే అంటారు, నాకూ నోరు తిరగదు.

ఏడు వేల మూడు వందల పైచిలుకు ర్యాంకు వచ్చింది. ఆదాయ పరిమితిలో ఉన్న మాలాంటి బీసీ కుటుంబాలకు పది వేల లోపు ర్యాంకు అయితే ఫీజు మొత్తం ప్రభుత్వం కడుతుంది, దాటితే 35,000 వరకే. అంటే మా అమ్మాయి ఏ కాలేజీలో చేరినా ఫీజు బాధ లేదు. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది. సొంత డబ్బు పెట్టే రైతు మోటారును ఎత్తి చూస్తాడు, బరువు ఎంత ఉందో, లోపల ఉన్నది రాగా అల్యూమినియమా అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. సబ్సిడీలో తీసుకునేవాడు నేమ్ ప్లేటు మీద కంపెనీ పేరు చదువుతాడు. నేనూ ఆ రెండో రకం మనిషినైపోయాను.

మా అమ్మాయికి మొదటి నుంచీ ఎలక్ట్రికల్ మీద మనసు. ఎనిమిదో తరగతి నుంచి సెలవుల్లో షాపులో కూర్చునేది. కాయిల్ చుట్లు లెక్కపెట్టేది, మెగ్గర్ పట్టుకుని ఇన్సులేషన్ చూసేది, ఒక్కోసారి నాకంటే ముందే తప్పు కనిపెట్టేది. అది చూసి మురిసిపోయాను గానీ, అదే పని చదువుగా మారుతుందంటే నాకు మనసు ఒప్పలేదు. నా గోళ్ళలో ఉన్న వార్నిష్ మరకలు ఏ సబ్బుతోనూ పోవు. నా కూతురు ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవాలని నా కోరిక. ఇది దాచుకుని ఈ సమీక్ష రాస్తే అబద్ధమవుతుంది.

మా దగ్గర మోటార్లు బాగుచేయించుకునే ఒక కాంట్రాక్టరు ఈ కేంద్రం గురించి చెప్పాడు. వాళ్ళ అబ్బాయికి అక్కడే ఆప్షన్లు పెట్టించాడట. ఫీజు 12,000 రూపాయలు. కౌన్సెలింగ్ మొత్తానికి ప్రభుత్వం మా దగ్గర తీసుకున్న ప్రాసెసింగ్ ఫీజు 1,200. పదింతలు ఇస్తున్నాను కదా, పది రెట్ల జాగ్రత్త ఉంటుందనుకున్నాను.

జనగామ నుంచి బస్సులో ఉప్పల్ వెళ్ళి అక్కడ మెట్రో ఎక్కాం. ఉప్పల్ నుంచి నాలుగో స్టేషను తార్నాక. రైలు ఆగగానే మా అమ్మాయి కిటికీ వైపు వేలు చూపించి, "నాన్నా, యూనివర్సిటీ ఇక్కడే" అంది. నాకు తెలుసు. పని నేర్చుకునే రోజుల్లో ఆ దారిన సైకిల్ మీద తిరిగినవాడినే. 1929లో పెట్టిన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ అది. మా కాలంలో అక్కడ సీటు వచ్చిందంటే ఊళ్ళో పెళ్ళంత సందడి. తలుపులు మూసుకున్నాయి, అమీర్‌పేటలో రైలు మారి కూకట్‌పల్లిలో దిగాం.

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. గోడ నిండా నవ్వుతున్న పిల్లల ఫొటోలు, ఒక్కొక్కరి కింద లక్షల్లో జీతం. కాగితాలు చూసే అమ్మాయి గురించి మంచి మాట చెప్పాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, టీసీ, అన్నీ వరసగా పెట్టి చూసింది. పదో తరగతి మెమోలో మా ఇంటిపేరులో ఒక అక్షరం ఆధార్‌తో కలవడం లేదని పట్టుకుంది. ఆదాయ పత్రం పాతదని, మీ సేవలో కొత్తది తీసుకోమని చెప్పింది. ఇవి చెప్పకపోతే సర్టిఫికెట్ల పరిశీలన రోజున మేం వెనక్కి తిరిగి రావాల్సి వచ్చేది. ఇంతవరకు నూటికి నూరు మార్కులు.

ఆ తర్వాత అద్దాల గదిలో కౌన్సెలర్ దగ్గరకు పంపారు. ఇరవై ఏడెనిమిదేళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడు, నన్ను "సార్" అనే పిలిచాడు. ర్యాంకు, కేటగిరీ, ఏ ప్రాంతం అని మూడు ప్రశ్నలు అడిగి కీబోర్డు మీద టకటకా కొట్టాడు. ప్రింటర్ లోంచి 64 ఆప్షన్ల జాబితా వచ్చింది. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు. మా అమ్మాయిని అతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా దగ్గరకు ఎవరైనా వచ్చి మోటారు కావాలంటే ముందు బోరు ఎన్ని అడుగులు, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయి, పైపు ఎంత అని అడుగుతాను. లోతుకు సరిపడా స్టేజీలు లేకపోతే ఎంత గొప్ప కంపెనీ మోటారైనా గుర్రుమంటుంది తప్ప నీళ్ళు పైకి తోయదు. మా దగ్గర అడిగేంత కూడా అక్కడ అడగలేదు.

మా అమ్మాయే చొరవ చేసి, "ఎలక్ట్రికల్ పైన పెట్టండి సార్" అంది. "ఎందుకమ్మా, ర్యాంకు వృథా అవుతుంది" అన్నాడు. ర్యాంకు వృథా కావడం అనే మాట నాకు గట్టిగా తగిలింది. చివరకు ఉస్మానియా ఎలక్ట్రికల్‌ను పదకొండో స్థానంలో పెట్టారు. పైన పదీ కంప్యూటర్స్, దాని తోకలు: డేటా సైన్స్, కృత్రిమ మేధ, సైబర్ సెక్యూరిటీ.

ఇక్కడ తెలియనివాళ్ళ కోసం ఒక మాట. సీట్లు కేటాయించే కంప్యూటరు మన జాబితాను పై నుంచి చూసుకుంటూ వచ్చి, మన ర్యాంకుకు అందిన మొదటి దాన్ని ఇస్తుంది. దానికి మనసు ఉండదు, వరసే దానికి మన మనసు. మాకు పైన పదీ అందలేదు. మొదటి విడతలో ఉస్మానియా ఎలక్ట్రికల్ వచ్చింది.

ఆ రోజు రాత్రి మా ఇంట్లో పాయసం. మా అమ్మాయి హాస్టల్‌కు ఏమేమి పట్టుకెళ్ళాలో కాగితం మీద రాసుకుంది. సీటు ఒప్పుకుంటున్నట్టు ఫోన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ కూడా చేసేసింది. అక్కడితో ఆగి ఉంటే ఈ సమీక్ష ఉండేది కాదు.

ఆగలేదు. మర్నాటి నుంచి షాపులో ఒకటే మాట: "ఎలక్ట్రికలా? కంప్యూటర్స్ రాలేదా?" అడిగినవాళ్ళలో ఇంజనీరింగ్ చదివినవాడు ఒక్కడు లేడు. మా బావమరిది, "పేరు సరే బావా, పేరు తింటామా, ప్యాకేజీ ముఖ్యం" అన్నాడు. ఇంకొకాయన, "ప్యాకేజీ ఏముంది, యూనివర్సిటీ అంటే ఆ విలువే వేరు" అన్నాడు. రెండూ సబబుగానే తోచాయి. ఐదారు రోజులు నేను వైండింగ్ సరిగ్గా చేయలేకపోయాను, ఒక మూడు హెచ్‌పీ మోటారుకు కనెక్షన్ తిరగేసి ఇచ్చి ఆ రైతుతో మాటలు పడ్డాను. చేతికొచ్చిన సీటు మంచిదా కాదా అని మళ్ళీ మళ్ళీ తూకం వేసే రోగం ఎవరికైనా పట్టవచ్చు. నేను చేసిన పొరపాటు, ఆ తూకం వేసేందుకు పెద్ద పేరుతో గిరాకీ చేసుకునే దుకాణానికే మళ్ళీ వెళ్ళడం.

రెండో విడతకు ముందు మా 12,000 రూపాయల్లోనే ఇంకో సారి సలహా ఉంది. మళ్ళీ అదే మెట్రో, అదే తార్నాక. ఈసారి మా అమ్మాయి కిటికీ వైపు చూడలేదు, ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

కౌన్సెలర్ మా ముందు ఒక రంగుల పుస్తకం తెరిచాడు. నగరం అంచున ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ, కంప్యూటర్స్‌లో ఒక కొత్త విభాగం, నలభై లక్షల పైన ప్యాకేజీ తెచ్చుకున్న ఒక అబ్బాయి ఫొటో. "సార్, రెండో విడతలో ఇవి తొమ్మిది పెడదాం. రాకపోతే పాత సీటు అలాగే ఉంటుంది" అన్నాడు. ఇది నిజమే. "వచ్చాక నచ్చకపోతే?" అని మా అమ్మాయి అడిగింది. "అప్పుడు పాతదానికే వెళ్ళిపోవచ్చమ్మా" అన్నాడు. ఇది అబద్ధం. కావాలని చెప్పాడో తెలియక చెప్పాడో నాకు తెలియదు. తెలియక చెప్పి ఉంటే ఇంకా ఘోరం, ఆ ఒక్క నియమం తెలిసి ఉండటానికే కదా మేం డబ్బు ఇచ్చింది.

రెండో విడతలో కొత్త సీటు వచ్చిన మరుక్షణం పాత సీటు దానంతట అదే రద్దయి, ర్యాంకులో వెనకున్న వాళ్ళకు వెళ్ళిపోతుంది. అడగడాలు లేవు, వద్దనుకోవడాలు లేవు. కాబట్టి రెండో విడతలో, ఉన్న సీటు కంటే నిజంగా కావాలనుకున్నవి మాత్రమే పెట్టాలి. సరదాకు ఒక్కటి కూడా పెట్టకూడదు. ఈ నాలుగు వాక్యాలకు ఎవరూ ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు.

జూలై చివర్లో ఫలితం వచ్చింది. తొమ్మిదిలో ఏడోది తగిలింది. నేను ముందు సంతోషించాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. మా అమ్మాయి అలాట్‌మెంట్ కాగితం రెండు సార్లు చదివి, "నాన్నా, పాతది పోయింది" అంది, అంతే. ఏడవలేదు. హాస్టల్ సామాను రాసుకున్న కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

కేంద్రానికి ఫోన్ చేస్తే రెండు రోజులు ఎత్తలేదు. మూడో రోజు ఎత్తి, "కంప్యూటర్స్ వచ్చింది కదా సార్, అభినందనలు" అన్నారు. ఈలోగా నేను సర్టిఫికెట్ల పరిశీలన జరిగిన పాలిటెక్నిక్‌కు వెళ్ళి హెల్ప్‌లైన్ బల్ల దగ్గర అడిగాను. ఒక లెక్చరర్ గారు టీ తాగుతూ రెండు నిమిషాల్లో నియమం మొత్తం చెప్పారు. రూపాయి తీసుకోలేదు. "ముందే వచ్చి అడగాల్సింది కదండీ" అన్నారు. ఆగస్టులో చివరి విడతలో ఉస్మానియా ఎలక్ట్రికల్ ఒక్కటే పెట్టి చూశాం. రాలేదు.

డబ్బు వెనక్కి అడిగితే రసీదు వెనక సన్నని అక్షరాలు చూపించారు. సీటు విషయంలో తుది బాధ్యత విద్యార్థిదేనని రాసి ఉంది. సరే, సంతకం నాదే. బదులుగా తమ దగ్గరే ఉన్న కోడింగ్ శిక్షణలో సగం తగ్గింపు ఇస్తామన్నారు. ఎలుక పడ్డ మజ్జిగలో వెన్న కలిపి ఇస్తామన్నట్టు.

ఇంతకూ వాళ్ళు చెప్పవలసినది, చెప్పనిది ఇంకొకటి ఉంది. నాకు ఇదే ఎక్కువ బాధ. మా ఊరి సబ్‌స్టేషన్ అసిస్టెంట్ ఇంజనీరు, అదే ఏఈ గారు షాపు ముందు జీపు ఆపితే నేను ఇప్పటికీ కుర్చీలోంచి లేస్తాను. నాకు తెలిసిన హోదా అంటే అదే. ప్రభుత్వ కరెంటు సంస్థలు ట్రాన్స్‌కోలోనో జెన్‌కోలోనో ఎలక్ట్రికల్ ఏఈ కావాలంటే ఎలక్ట్రికల్ డిగ్రీ ఉండాలి, కంప్యూటర్స్ డిగ్రీతో ఆ దరఖాస్తు చెల్లదు. అదే టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎలక్ట్రికల్ చదివినవాళ్ళను కూడా తీసుకుంటాయి. అంటే ఆ గదిలోంచి ఈ గదిలోకి తలుపు ఉంది, ఈ గదిలోంచి ఆ గదిలోకి లేదు. ఇరవై ఆరేళ్ళు ఏఈలకు నమస్కారం పెట్టినవాడికి ఈ మాట తట్టలేదు. 64 ఆప్షన్లు ప్రింట్ తీసిన కుర్రాడికీ తట్టలేదు. చెప్పింది మా అమ్మాయే, మొదటి ఏడాది అయ్యాక, మామూలుగా అన్నం తింటూ.

చేరిన కాలేజీ గురించి న్యాయంగా చెప్తాను. చెడ్డది కాదు. బస్సు వేళకు వస్తుంది, ల్యాబుల్లో కంప్యూటర్లు పనిచేస్తాయి, ఇద్దరు ముగ్గురు టీచర్లంటే పిల్లలకు ప్రాణం. కాకపోతే కంప్యూటర్స్ సెక్షన్లే ఎ నుంచి జి దాకా ఉన్నాయి. బాగా నడుస్తున్న కాలేజీల్లో ఒక్కో బ్రాంచికి సీట్ల పరిమితిని 2024లోనే ఏఐసీటీఈ (ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) ఎత్తేసింది. ఇక ఈ వరస ఎక్కడిదాకా పోతుందో. ఇంతమంది పిల్లలు ఒకేసారి బయటికి వస్తే ఉద్యోగాలు ఎన్ని ఉంటాయని నేను అడిగితే, "అదే నేనూ లెక్కేస్తున్నాను నాన్నా" అంటుంది.

ఆ రంగుల పుస్తకంలోని నలభై లక్షల సంగతి కూడా తనే విప్పి చూపించింది. ఎన్ఐఆర్ఎఫ్ అని కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి కాలేజీలకు ర్యాంకులు ఇస్తోంది. అందులో పాల్గొనే కాలేజీలు తామిచ్చిన వివరాలను సొంత వెబ్‌సైట్లో పెట్టాలి. ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అన్నీ ఉంటాయి. ఉద్యోగం వచ్చిన పిల్లలందరినీ జీతం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడ్డ పిల్ల జీతం అది. హోర్డింగ్ మీద ఉన్నది వరసలో ఆఖరున నిలబడ్డ ఒక్కడిది. ఆ కాలేజీ మధ్యస్థ జీతం హోర్డింగ్ అంకెలో ఐదో వంతు కూడా లేదు. ఇది దాచిన రహస్యం కాదు, కాలేజీ తనంత తానుగా పెట్టిన కాగితం. దాన్ని తీసి మా ముందు పెడితే చాలు, నేను 12,000 సంతోషంగా ఇచ్చేవాడిని. కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పే జాబితా కూడా కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. వీళ్ళు మాకు స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చింది దాన్నే.

ఎవరు వెళ్ళవచ్చు అంటారా? ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్ళు లేకపోతేనో, కాగితాల్లో పేర్లు కలవకపోతేనో, ఆ పని వరకు వెళ్ళవచ్చు. కాగితాలకు మాత్రమే అయితే 2,000కు కూడా చేస్తారని తర్వాత తెలిసింది. మాకు ఆ సంగతి చెప్పలేదు. ఆప్షన్ల వరస మాత్రం ఇంట్లో, చదవబోయే పిల్ల పక్కన కూర్చుని, తను చెప్పినట్టు రాయండి. వెళ్ళేముందు అప్పటికే మనసులో భయం ఉంటే అసలు వెళ్ళకండి. ఆ గదిలో మన భయానికి ఏసీ వేసి కుర్చీ వేస్తారు.

తను నష్టపోయిందా? నాకు తెలియదు. మార్కులు బాగున్నాయి. మొన్న దసరాకు వచ్చినప్పుడు షాపులో కూర్చుని ఒక చిన్న బోర్డుకు ప్రోగ్రాం రాసింది. బోరులో నీళ్ళు అయిపోతే మోటారు లాగే కరెంటు తగ్గుతుంది కదా, ఆ తగ్గుదల పసిగట్టి మోటారు ఆపి రైతు ఫోనుకు సందేశం పంపుతుంది. బజారులో ఇలాంటి స్టార్టర్లు ఉన్నాయి, కానీ ఇది తను చేసింది. నేను పొంగిపోయి, "చూశావా, కంప్యూటర్స్ కూడా పనికొచ్చింది" అన్నాను. తను స్క్రూడ్రైవర్ కింద పెట్టకుండానే, "ఎలక్ట్రికల్ వాళ్ళకు కూడా ప్రోగ్రామింగ్ చెప్తారు నాన్నా" అంది. కోపంగా అనలేదు. ఇది రాశాక చదివి ఈ పేరా తీసేయమంది. తీయలేదు.

కిందటి వారం ఆ కేంద్రం నుంచి మళ్ళీ ఫోన్. మా అబ్బాయి వచ్చే ఏడాది పదో తరగతి రాస్తాడని ఎలా తెలిసిందో మరి, ఇప్పుడే నమోదు చేసుకుంటే పాత కస్టమర్లకు తగ్గింపు ఉందట. వాడు పాలిటెక్నిక్ అంటున్నాడు, వాళ్ళమ్మ ఇంటర్ అంటోంది. నేను నోరు మెదపడం లేదు. వాడితో వాళ్ళ అక్క మాట్లాడుతోంది.